తలకు దెబ్బ లేదు, స్కాన్ బాగుంది... మరి స్పృహ ఎందుకు తప్పింది?

మటన్ కూరలో మూలుగ ఎముక వస్తే పళ్లెం అంచుకు తట్టి పీల్చడం తెలుగు ఇళ్లలో మామూలే. తెలంగాణలో దాన్ని నల్లి బొక్క అంటారు. ఆ గొట్టంలోంచి జారే మెత్తటి పదార్థంలో ఎక్కువ భాగం కొవ్వు. మనిషి తొడ ఎముకలో ఉండేదీ అదే. ఆ ఎముక విరిగితే లోపలి కొవ్వు సన్నటి బిందువులుగా రక్తంలోకి జారుతుంది. ఇది అరుదైన విషయమేమీ కాదు. కాళ్లలోని పెద్ద ఎముకలు విరిగినవాళ్లలో దాదాపు అందరికీ ఎంతోకొంత ఇలా జరుగుతుంది, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొద్దిమందిలో మాత్రం ఆ కొవ్వు ఊపిరితిత్తులను దాటి మెదడు దాకా పోతుంది. దాన్నే సెరిబ్రల్ ఫ్యాట్ ఎంబాలిజం అంటారు.

ఆసుపత్రుల్లో ఇది కనిపించే తీరు చాలావరకు ఒకేలా ఉంటుంది. బైక్ మీద నుంచి పడిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి తొడ ఎముక విరిగిందనుకోండి. హెల్మెట్ ఉంది, తలకు ఏమీ కాలేదు. క్యాజువాలిటీలో తన పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు తనే చెప్పాడు. ముందుజాగ్రత్తగా తీసిన తల సీటీ స్కాన్ నార్మల్. మర్నాడు సాయంత్రానికి కాస్త ఆయాసం, జ్వరం, చిరాకు. ఆ రాత్రి పొంతన లేని మాటలు. తెల్లారేసరికి పిలిస్తే పలకడు. మళ్లీ సీటీ తీస్తారు, మళ్లీ నార్మల్ అనే వస్తుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఇదంతా అంతుపట్టదు. విరిగింది కాలైతే మెదడుకు ఏమొచ్చింది? ఇంజెక్షన్ ఏదైనా వికటించిందా? తలకు తగిలిన దెబ్బను డాక్టర్లు చూసుకోలేదా? చాలాచోట్ల గొడవలు మొదలయ్యేది ఈ ప్రశ్నల దగ్గరే.

అయితే ఈ జబ్బును పట్టించేది కూడా ఆ క్రమమే. దెబ్బ తగిలాక బాగా మాట్లాడిన ఆ ఇరవై, ముప్ఫై గంటలే అసలు ఆనవాలు. లక్షణాలు ఎక్కువగా 12 నుంచి 72 గంటల మధ్య బయటపడతాయి. స్కాన్ ఏం చెప్పినా చెప్పకపోయినా, ‘నిన్నంతా బాగానే మాట్లాడాడు’ అని ఇంట్లోవాళ్లు చెప్పే మాటకు చాలా విలువ ఉంది. దాన్ని డాక్టరు కేస్ షీట్‌లో గంటలతో సహా రాసుకోవాలి.

కొవ్వు మెదడుకు చేరే దారి

ఎముక లోపలి సిరలు గట్టి గోడలకు అతుక్కుని ఉంటాయి. ఒంట్లో వేరేచోట సిర తెగితే ముడుచుకుపోతుంది, ఎముకలో అలా ముడుచుకోలేదు, నోరు తెరుచుకునే ఉంటుంది. విరిగినచోట రక్తం గూడుకట్టి ఒత్తిడి పెరిగితే మూలుగలోని కొవ్వు ఆ తెరిచిన నోళ్లలోకి దూరుతుంది. అక్కడి నుంచి గుండె కుడి వైపుకు, ఆపైన ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలు వడపోత గుడ్డలా పనిచేసి చాలా కొవ్వును అక్కడే ఆపేస్తాయి. ముందుగా ఆయాసం రావడానికి, రక్తంలో ఆక్సిజన్ తగ్గడానికి కారణం ఇదే.

ఆ వడపోతను దాటడానికి రెండు దారులున్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ గుండెలో పై రెండు గదుల మధ్య చిన్న తలుపు లాంటి రంధ్రం ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి అది పూర్తిగా అతుక్కోకుండా మిగిలిపోతుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ కష్టమూ తెలియదు. ఊపిరితిత్తులు కొవ్వుతో మూసుకుపోయి కుడి వైపు ఒత్తిడి పెరిగినప్పుడు ఆ తలుపు తోసుకుని తెరుచుకుంటుంది. అప్పుడు కొవ్వు నేరుగా ఎడమ వైపుకు, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. రంధ్రం లేనివాళ్లలోనూ మెదడు దెబ్బతినడం చూస్తుంటాం. ఎందుకంటే కొవ్వు బిందువు రక్తపు గడ్డలా గట్టిగా ఉండదు. మెత్తగా సాగి, సన్నబడి, ఊపిరితిత్తుల నాళాల్లోంచి జారిపోగలదు.

ఇంతవరకు చెప్పింది 1924లో గాస్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన వివరణ. నాళం మూసుకుంది కాబట్టి జబ్బు వచ్చిందని దాని సారాంశం. చక్కగా అర్థమవుతుంది కానీ ఒక చిక్కు ఉంది. ఎముక విరిగిన నిమిషంలోనే కొవ్వు బయల్దేరితే మెదడు ఒక రోజు ఆగి ఎందుకు మందగిస్తుంది? 1927లో లేమన్, మూర్ అనే పరిశోధకులు ఇచ్చిన రెండో వివరణ ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. రక్తంలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టి ఫ్యాటీ ఆసిడ్లుగా మారుస్తుంది. ఇవి నాళాల లోపలి పొరను కాల్చినట్టు దెబ్బతీస్తాయి. నాళాలు కారి చుట్టూ వాపు వస్తుంది, ఎక్కడికక్కడ సూదిమొనంత రక్తస్రావాలు అవుతాయి. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. ఎముక విరగకుండానే కొందరికి ఈ జబ్బు ఎలా వస్తుందో కూడా దీనితోనే బోధపడుతుంది. రెండు వివరణల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పనిలేదు. మొదటిది దారి చూపిస్తే రెండోది ఆలస్యానికి కారణం చూపిస్తుంది.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1862లో జెంకర్ అనే జర్మన్ వైద్యుడు, నలిగి చనిపోయిన ఒక రైల్వే కార్మికుడి ఊపిరితిత్తుల్లో కొవ్వు బిందువులను శవపరీక్షలో చూశాడు. మనిషి బతికుండగానే దీన్ని మొదట గుర్తుపట్టినది 1873లో బెర్గ్‌మన్ అనే సర్జన్. ఇంటి కప్పు మీద నుంచి పడి తొడ ఎముక నుజ్జయిన మనిషి, రెండు రోజులు దాటాక ఆయాసంతో స్పృహ కోల్పోయాడు. అంతకు పదేళ్ల ముందే పిల్లుల సిరల్లోకి పందికొవ్వు ఎక్కించి ప్రయోగాలు చేసినవాడు కాబట్టి బెర్గ్‌మన్‌కు వెంటనే తట్టింది. నూట యాభై ఏళ్ల కిందటి ఆ రోగి కథకూ ఇప్పటి బైక్ ప్రమాదాల కేసులకూ పెద్ద తేడా లేదు.

ఎవరికి వస్తుంది

ఒక్క పెద్ద ఎముక విరిగినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి ఫ్యాట్ ఎంబాలిజం సిండ్రోమ్, అంటే కొవ్వు వల్ల ఊపిరితిత్తులు, మెదడు, చర్మంలో లక్షణాలు బయటపడే జబ్బు, వస్తుందని లెక్క. రెండు తొడ ఎముకలూ విరిగినా, తొడతోపాటు కటి ఎముక విరిగినా ఆ శాతం చాలా పెరుగుతుంది. బాధితుల్లో ఎక్కువమంది యువకులు. రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువగా పడేది వాళ్లే కావడం ఒక కారణం. చిన్నపిల్లల్లో తక్కువ, ఎందుకంటే వాళ్ల మూలుగలో రక్తం తయారుచేసే ఎర్ర భాగం ఎక్కువ, కొవ్వు తక్కువ. కండరాలు క్రమంగా బలహీనపడే డ్యూషెన్ అనే జన్యు జబ్బు ఉన్న మగపిల్లల విషయం వేరు. వాళ్ల ఎముకలు బలహీనంగా ఉంటాయి, కాబట్టి చక్రాల కుర్చీలోంచి జారిపడినా ఈ ప్రమాదం ఉంటుంది. చిన్న దెబ్బే కదా అని వదిలేయకూడదు.

ఆపరేషన్ కూడా కారణం కావచ్చు. విరిగిన తొడ ఎముకలోకి రాడ్ వేసేముందు లోపలి గొట్టాన్ని తొలుస్తారు. ఆ సమయంలో మూలుగ మీద ఒత్తిడి అనేక రెట్లు పెరిగి కొవ్వు ఎగజిమ్ముతుంది. మోకీలు, తుంటి మార్పిడిలోనూ ఇంతే. డెబ్బై ఏళ్లావిడకు రెండు మోకీళ్లూ ఒకేసారి మార్చారు, మర్నాడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఇలాంటప్పుడు ‘మత్తు ఇంకా దిగలేదు’, ‘సోడియం తగ్గింది’ అనే మాటలు వెంటనే వస్తాయి. చాలాసార్లు అవి నిజమే. సోడియం సరిచేశాక కూడా మనిషి తేరుకోకపోతే మాత్రం కొవ్వు సంగతి ఆలోచించాలి.

ఎముక విరగనివాళ్లలో అన్నిటికంటే ముఖ్యమైన కారణం సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో, ఆదిలాబాద్ వైపు గిరిజన సమాజాల్లో ఈ జన్యువు ఉంది కాబట్టి తెలుగు రాష్ట్రాల వైద్యులకు ఇది దూరపు విషయం కాదు. వంకర తిరిగిన ఎర్రకణాలు ఎముక లోపలి నాళాలను మూసేస్తే మూలుగ కుళ్లి, అందులోని కొవ్వు రక్తంలో కలుస్తుంది. మొదట నడుము, కాళ్లు భరించలేనంత నొప్పి, తర్వాత జ్వరం, ఆయాసం, మగత. ప్లేట్‌లెట్లు దబ్బున పడిపోతాయి. విచిత్రమేమిటంటే, ఇది ఎక్కువగా వచ్చేది జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు కాదు, తేలిక రకం ఉన్నవాళ్లకు. తమకు సికిల్ సెల్ ఉందని అప్పటిదాకా తెలియనివాళ్లూ ఉంటారు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు పెరిగాయి. ఆ పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతిలో ఉంటే ఇలాంటి సమయంలో చాలా పనికొస్తుంది, ఎందుకంటే ఇందులో చికిత్స వేరు. రోగి రక్తాన్ని తీస్తూ దాత రక్తాన్ని ఎక్కించే ఎక్స్చేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్ త్వరగా చేయగలిగితే మనిషి దక్కే అవకాశం పెరుగుతుంది.

పొట్ట కొవ్వు తీయించుకోవడం, ఆ కొవ్వునే ముఖంలో నింపించుకోవడం వల్ల కూడా ఇది రావచ్చు. ముఖంలోకి ఎక్కించిన కొవ్వు పొరపాటున ధమనిలోకి పోతే రోజంతా ఆగే వ్యవహారం ఉండదు. అక్కడికక్కడే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. పేరులో పోలిక ఉన్నా అది వేరే జబ్బు అనుకోవడం మేలు.

గుర్తించడం ఎలా

పుస్తకాల్లో మూడు లక్షణాలు చెబుతారు: ఆయాసం, మెదడు మందగించడం, చర్మం మీద ఎర్రటి చుక్కలు. మూడూ కలిసి వస్తే అనుమానమే అక్కర్లేదు, కానీ అలా రావడం తక్కువ. చుక్కలు సగం మందిలో కూడా కనిపించవు. రెండో రోజో మూడో రోజో వచ్చి కొద్ది రోజుల్లో మాయమవుతాయి. పైగా తెల్లటి చర్మం మీద ఎర్రగా మెరిసే ఆ చుక్కలు మన చర్మపు రంగు మీద అంత తేలిగ్గా కంటపడవు. కింది కనురెప్ప లాగి చూడాలి, నోటి లోపల చూడాలి, చంకల్లో, మెడ కింద, ఛాతీ పైభాగంలో వెతకాలి. పేషెంటు చొక్కా విప్పి టార్చ్ లైటు వేసి చూసే ఆ రెండు నిమిషాల పరీక్షను ఏ యంత్రమూ చేసిపెట్టదు.

1970లో గర్డ్ అనే సర్జన్ ఈ లక్షణాలను పెద్దవి, చిన్నవి అని విడదీసి ఒక పద్ధతి తయారుచేశాడు. జ్వరం, గుండె వేగం, కంటి వెనక పొరలో మార్పులు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తగ్గడం లాంటివి చిన్నవాటి కిందికి వస్తాయి. ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అయితే ఎముక విరిగి, రక్తం పోయి, నొప్పితో ఉన్న ఎవరికైనా గుండె వేగంగానే కొట్టుకుంటుంది, జ్వరమూ రావచ్చు. మూత్రంలో కొవ్వు కనిపించడమూ అంతే, జబ్బు లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. ‘ఈ ఒక్క రక్తపరీక్షతో తేలుతుంది’ అనదగింది ఏదీ లేదు.

మెదడు విషయంలో ఈ సందిగ్ధాన్ని చాలావరకు తీర్చింది ఎంఆర్‌ఐ. సీటీలో ఏమీ కనబడని మెదడు, డిఫ్యూజన్ అనే ఎంఆర్‌ఐ పద్ధతిలో చూస్తే చీకటి ఆకాశంలో నక్షత్రాలు చల్లినట్టు కనిపిస్తుంది. రెండు వైపులా పదుల కొద్దీ, ఒక్కోసారి లెక్కపెట్టలేనన్ని తెల్లటి చుక్కలు ఉంటాయి. రేడియాలజిస్టులు దీన్ని ‘స్టార్‌ఫీల్డ్’ అనే పిలుస్తారు. లక్షణాలు మొదలైన కొన్ని గంటల్లోనే ఇది కనిపించవచ్చు. చిన్న రక్తస్రావాలను పట్టుకునే ఎస్‌డబ్ల్యూఐ అనే మరో పద్ధతిలో మెదడు తెల్లభాగమంతా నల్లచుక్కలు పరుచుకుని ఉంటాయి. ఎంఆర్‌ఐ రాస్తే సరిపోదు, ఈ రెండూ చేయమని అడగాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని, కాలికి బయట ఇనుప చట్రం ఉన్న మనిషిని ఎంఆర్‌ఐ గదికి తీసుకెళ్లడం తేలిక పని కాదు. ఆ చట్రం ఏ లోహంతో చేసిందో ముందు చూసుకోవాలి.

ప్రమాదంలో తల కుదుపుకు మెదడు నరాల తీగలు తెగినా ఎంఆర్‌ఐలో ఇలాంటి చుక్కలే రావచ్చు. రెండింటినీ వేరుచేయడం ముఖ్యం, ఎందుకంటే ముందు ముందు ఏమవుతుందన్న అంచనా మారిపోతుంది. తీగలు తెగినవాళ్లు సాధారణంగా ప్రమాదం జరిగిన క్షణం నుంచే స్పృహలో ఉండరు. కొవ్వు కేసులో మధ్యలో బాగున్న గంటలు ఉంటాయి. స్కాన్ గందరగోళపెట్టినప్పుడు కూడా తీర్పు చెప్పేది మళ్లీ ఆ గంటలే.

మన దగ్గర తరచూ పొరపాటు పడే చోటు ఇంకొకటి ఉంది. రోజూ తాగే అలవాటున్న మనిషి ఆసుపత్రిలో చేరాక రెండో, మూడో రోజున వణుకు, కలవరింతలు మొదలవుతాయి. అది మందు మానేయడం వల్ల వచ్చే గజిబిజి. కొవ్వు మెదడుకు చేరేదీ సరిగ్గా అదే సమయం. బంధువులు ‘కాస్త తాగుతాడండీ’ అనగానే ఆ ముద్ర పడిపోయి, నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చి, చేతులు కట్టేస్తారు. ఆక్సిజన్ తగ్గుతోందా, ప్లేట్‌లెట్లు పడుతున్నాయా అని చూశాకే ఆ ముద్ర వేయాలి. చక్కెర తగ్గడం, నొప్పి మందుల మత్తు, ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ కూడా ఇదే దశలో తోసిపుచ్చాల్సినవే.

చికిత్స

ఆ కొవ్వును కరిగించే మందు లేదు. ఈ మాటను కుటుంబానికి మొదటి రోజే చెప్పడం మంచిది. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అడ్డం పడింది రక్తపు గడ్డ కాదు. పైగా చిన్న రక్తస్రావాలున్న మెదడుకు, పచ్చి గాయానికి అది ప్రమాదం. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్‌ను ప్రయత్నించారు. ఒకప్పుడు సిరలోకి ఆల్కహాల్ ఎక్కించి చూసినవాళ్లూ ఉన్నారు. ఏదీ నిలబడలేదు.

స్టెరాయిడ్ల మీద వాదన ఇంకా నడుస్తోంది. ఎముక విరిగిన వెంటనే, లక్షణాలు రాకముందే ఇస్తే సిండ్రోమ్ వచ్చేవాళ్లు తగ్గారని కొన్ని చిన్న పరిశోధనలు చూపించాయి. చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గినట్టు మాత్రం తేలలేదు. మెదడు దెబ్బతిన్నాక ఇస్తే లాభమన్నదానికి గట్టి ఆధారం లేదు. తలకు కూడా గాయమైనవాళ్లలో అయితే నష్టమే ఎక్కువ. పది వేల మందికి పైగా తలగాయం రోగుల మీద జరిపిన క్రాష్ అనే పెద్ద ట్రయల్‌లో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లే ఎక్కువగా చనిపోయారని 2004లో తేలింది. ఏదో ఒకటి ఇచ్చామన్న తృప్తి కోసం రాసే మందు ఇది కాకూడదు.

మిగిలింది కాపు కాయడం. మెదడుకు ఆక్సిజన్ తగ్గకుండా, బీపీ పడిపోకుండా, సోడియం, చక్కెర అదుపు తప్పకుండా చూడటం. అవసరమైతే వెంటిలేటర్. తల వైపు మంచం కాస్త ఎత్తి ఉంచడం, ఫిట్స్ వస్తే మందులు, వాపు పెరిగితే దాన్ని తగ్గించే సెలైన్లు. చాలా అరుదుగా పుర్రె ఎముక తీసి మెదడుకు చోటివ్వాల్సి వస్తుంది. వినడానికి ఇదొక చికిత్సలా అనిపించదు, కానీ రోగిని దక్కించేది ఇదే. కోలుకునే దశలో కొందరికి ఉన్నట్టుండి చెమటలు, గుండె దడ, బీపీ, జ్వరం అలలు అలలుగా వస్తాయి. ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ మార్చుకుంటూ పోతారు. అది నాడీ వ్యవస్థ అదుపు తప్పడం వల్ల వచ్చే ప్రకోపం కూడా కావచ్చు, దానికి మందులు వేరు.

ఈ జబ్బులో ఎక్కువ ఫలితమిచ్చే పని జబ్బు రాకముందే జరగాలి. విరిగిన తొడ ఎముకను కదలకుండా ఆపడమే ఆ పని. రోడ్డు పక్కన పడినవాణ్ణి చేతులూ కాళ్లూ పట్టి ఆటోలో కుక్కితే విరిగిన మొనలు ప్రతి గుంతలోనూ మూలుగను చిలుకుతాయి. 108 వచ్చేదాకా కాలికి ఆధారమిచ్చి కదలకుండా ఉంచితే ఎంతో మేలు. పుత్తూరు కట్టు మీద తెలుగువాళ్లకు తరాల నమ్మకం ఉంది. చిన్న ఎముకల సంగతి పక్కన పెడితే, విరిగిన తొడతో వందల కిలోమీటర్లు జీపులో వెళ్లడం కట్టు బాగుంటుందా లేదా అన్న ప్రశ్న కంటే ముందే ప్రమాదం. ఆసుపత్రిలో మనిషి స్థిమితంగా ఉంటే 24 గంటల్లోపు ఎముకను స్థిరపరచడం మంచిదని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఒళ్లంతా గాయాలై, రక్తం పోయి ఉన్నవాడికి వెంటనే రాడ్ వేయడం కంటే ముందు బయట చట్రం బిగించి, కుదుటపడ్డాక రాడ్ వేస్తారు. మెదడు లక్షణాలు వచ్చేశాక రాడ్ ఎప్పుడు వేయాలన్నదే కష్టమైన నిర్ణయం. తొలిస్తే మళ్లీ కొవ్వు ఎగజిమ్ముతుంది, ఆపితే మనిషిని పక్కకు తిప్పడం కూడా కుదరదు. ఎముకల డాక్టరు, ఐసీయూ డాక్టరు, అనస్థీషియా డాక్టరు కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమిది.

కోలుకోవడం

రెండు వారాలైనా కళ్లు తెరవని మనిషిని చూసి ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. ఖర్చు భారమై ‘ఇంటికి తీసుకెళ్లిపోతాం’ అంటారు. ఈ జబ్బులో ఆ తొందర తప్పు. కోమా ఎంత లోతుగా ఉంది, ఎంఆర్‌ఐలో ఎన్ని చుక్కలున్నాయి అనేదాన్ని బట్టి జోస్యం చెప్పలేం. నెల దాటాక మేలుకుని తిరిగి ఉద్యోగంలో చేరినవాళ్ల ఉదంతాలు వైద్య పత్రికల్లో చాలానే వచ్చాయి. అందరూ అలా కోలుకుంటారని కాదు. మరణాలున్నాయి, శాశ్వత లోపాలూ ఉన్నాయి. సిండ్రోమ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు, బతికినవాళ్లలో చాలామంది బాగుపడతారు.

బాగుపడటమంటే మొదటి నెలలో అంతా మునుపటిలా ఉంటుందని కాదు. చెప్పింది మర్చిపోవడం, చిన్నదానికే కోపం, లెక్కల్లో తడబాటు కొన్ని నెలలు ఉండవచ్చు. కాలికి ఫిజియోథెరపీ చేయించే ఇల్లు వీటిని పట్టించుకోదు, ‘యాక్సిడెంట్ అయ్యాక మొండివాడయ్యాడు’ అనేస్తుంది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తే తెల్లచుక్కలు పోయి ఉంటాయి గానీ ఎస్‌డబ్ల్యూఐలోని నల్లచుక్కలు అలాగే కనిపిస్తాయి. మనిషి బండి నడుపుతూ ఉంటాడు, రిపోర్టులో మాత్రం ‘అనేక సూక్ష్మ రక్తస్రావాలు’ అని ఉంటుంది. అవి పాత మచ్చలు. ఆ రిపోర్టును పారేయకుండా దాచుకోవాలి. రెండో కాలికో, మోకీలుకో మరో ఆపరేషన్ అవసరమైతే దాన్ని అనస్థీషియా డాక్టరు ముందు పెట్టాలి. గుండెలో ఆ చిన్న తలుపు తెరిచి ఉందో లేదో ఎకో అనే గుండె స్కాన్‌లో చూడమని అప్పుడే అడగాలి.